మార్కెట్ కొలువులు – మీ సందేహాలు: మొదటి ట్రేడింగ్ డెస్క్ ఏదైతే మేలు?

ట్రేడింగ్ డెస్క్‌లో (బ్యాంకులోనో కంపెనీలోనో మార్కెట్‌లో కొని అమ్మే బృందంలో) తొలి ఉద్యోగం గురించి బెంగళూరు, చెన్నై పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: ఎం.టెక్ పూర్తయింది. మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. చేతిలో మూడు ఆఫర్లున్నాయి. ఒకటి, ఇక్కడే బెంగళూరులో సొంత డబ్బుతో ఇండెక్స్ ఆప్షన్ల (నిఫ్టీ లాంటి సూచీని ముందే ఖాయం చేసిన ధరకి కొనే, అమ్మే హక్కుల) మార్కెట్ మేకింగ్, అంటే కొనే ధర, అమ్మే ధర రెండూ చెబుతూ నిలబడే పని, చేసే కంపెనీ. రెండు, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక విదేశీ బ్యాంకు సెంటర్, లండన్ వడ్డీరేట్ల డెస్క్‌కి అనలిటిక్స్ పని. మూడు, ముంబైలో ఒక ప్రైవేటు బ్యాంకు ట్రెజరీ (బ్యాంకు నిధులు, విదేశీ మారకం చూసే విభాగం), ఫారెక్స్ ఫార్వర్డ్స్‌లో (ముందు తేదీకి ఇవ్వాల్సిన విదేశీ కరెన్సీకి ఇవాళే ధర ఖాయం చేసే ఒప్పందాల్లో) ట్రైనీ డీలర్. మొదటిదాంట్లో జీతం మిగతావాటికి దాదాపు రెట్టింపు. కానీ నాకు జీతం కన్నా, ముందుముందు ఎటైనా వెళ్లగలిగేలా నాలుగు రకాలూ నేర్చుకోవడం ముఖ్యం. ఏది తీసుకోమంటారు? – ఆర్.కె., మారతహళ్లి

జవాబు: జీతం పక్కన పెట్టి అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాం: మూడోది. ముంబై కుదరదంటే రెండోది, అదీ ఒక షరతు మీద. మొదటిది మంచి ఉద్యోగమే, కానీ మీరు వెతుకుతున్నది అక్కడ దొరకదు.

డెస్క్ పేరు చూసి అక్కడ ఎంత నేర్చుకోవచ్చో చెప్పలేం. ఒకే బుక్ (డెస్క్ చేతిలో ఉన్న కొనుగోళ్లు, అమ్మకాల మొత్తం) మీదికి ఎన్ని రకాల రిస్క్ వచ్చి పడుతోంది, ఆ లెక్క రోజూ మీ చేతిమీదుగా పోతుందా, పక్క కుర్చీలో ఉన్నవాళ్లు సొంత లిమిట్ (తన నిర్ణయంతో తీసుకోగల రిస్క్ పరిమితి) ఉన్న డీలర్లేనా, ఇవి చూడాలి.

ఫార్వర్డ్స్ డెస్క్‌నే తీసుకోండి. బెంగళూరులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏడాది తర్వాత రాబోయే 10 లక్షల డాలర్లను ఇవాళే అమ్ముకుంటానంది. స్పాట్ (ఇవాళ్టి మారకం ధర) 90 రూపాయలు, ఏడాదికి రూపాయి వడ్డీ 6 శాతం, డాలర్ వడ్డీ 4 శాతం అనుకుందాం. 90ని 1.06తో గుణించి 1.04తో భాగిస్తే 91.73. అంటే స్పాట్ మీద అదనంగా వచ్చే ప్రీమియం 173 పైసలు. కస్టమర్ దగ్గర ఆ రేటుకి డాలర్లు కొన్న డీలర్, వెంటనే అంతే మొత్తం స్పాట్‌లో అమ్మేస్తాడు. ఇక రూపాయి ఎటు పోయినా పెద్దగా బెంగ లేదు. అయితే స్పాట్‌లో అమ్మిన డాలర్లు రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి, కస్టమర్ ఇచ్చేది ఏడాదికి. ఆ మధ్య ఖాళీని పూడ్చడానికి బై–సెల్ స్వాప్ చేస్తాడు: ఇప్పటికి డాలర్లు కొని, ముందు తేదీకి అమ్మడం.

అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. ఏడాది స్వాప్‌కి మంచి రేటు దొరక్క డీలర్ మూడు నెలలకే చేశాడనుకోండి. అందులో 45 పైసలు వచ్చాయి. కస్టమర్‌కి ఒప్పుకున్న 173లో మిగతా 128 పైసలు తర్వాతి తొమ్మిది నెలల స్వాప్‌లో రావాలి. ఈలోగా ప్రీమియాలు పడిపోయి 110 పైసలే దొరికితే, డాలరుకి 18 పైసల చొప్పున 1.8 లక్షల రూపాయలు పోయినట్టే, రూపాయి అంగుళం కదలకపోయినా. మార్చి 31 దగ్గర పడితే డాలర్లో, రూపాయలో దేనికో కటకట వచ్చి క్యాష్–టామ్ (ఇవాళ్టికీ రేపటికీ మధ్య డాలర్ల మార్పిడి) రేట్లు ఒక్కసారిగా ఎగరడం కూడా ఈ డెస్క్ చూసేదే. కస్టమర్ మధ్యలో కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు, డబ్బు నెల ముందే రావచ్చు. ఒక్క డీల్‌లో స్పాట్, రెండు దేశాల వడ్డీలు, డాలర్ల లభ్యత, కస్టమర్ అలవాట్లు, సెటిల్మెంట్ (డబ్బు, సరుకు చేతులు మారడం), రిజర్వ్ బ్యాంకు నిబంధనలు అన్నీ వచ్చేశాయి. కొత్తవాళ్లు దీన్ని "బోరు డెస్క్" అంటారు. అననివ్వండి.

పైగా ఈ డెస్క్ పక్కనే బాండ్ డెస్క్, మనీ మార్కెట్ (కొద్దికాలపు అప్పుల) డెస్క్ ఉంటాయి. ఆ మూడిటికీ ఉన్న లంకె అర్థం కావాలంటే 2013 జులై 15 చూడండి. రూపాయి పతనాన్ని ఆపడానికి రిజర్వ్ బ్యాంకు ఆ రాత్రి ఎంఎస్ఎఫ్ రేటును (బ్యాంకులు తన దగ్గర అత్యవసరంగా తెచ్చుకునే ఒక రాత్రి అప్పు వడ్డీని) ఒకేసారి 2 శాతం పెంచి 10.25 చేసింది. బ్యాంకులు తన దగ్గర తీసుకునే రోజువారీ అప్పుకి కూడా పరిమితి పెట్టింది. మందు వేసింది రూపాయికి, మర్నాడు కుప్పకూలింది బాండ్ ధరలు. ట్రెజరీలో కూర్చున్న ట్రైనీ ఇలాంటి రోజున ఒక్క గదిలో నేర్చుకునేది, ఒకే సరుకు ట్రేడ్ చేసే చోట ఏళ్లకి గానీ రాదు.

ఇక రెండోది, వడ్డీరేట్ల డెస్క్. లోతు విషయంలో ఇది దేనికీ తీసిపోదు. మన బాండ్లతోనే లెక్క చెబుతాం, డాలర్ బాండ్లయినా తీరు ఇదే. పదేళ్ల ప్రభుత్వ బాండ్ డ్యూరేషన్ (రేటు 1 శాతం మారితే ధర ఎన్ని శాతాలు మారుతుందో చెప్పే అంకె) సుమారు 7 అనుకుంటే, ఈల్డ్ (బాండ్ మీద వచ్చే రాబడి రేటు) ఒక బేసిస్ పాయింట్, అంటే శాతంలో నూరో వంతు, కదిలితే కోటి రూపాయల బాండ్ మీద 7,000 రూపాయల తేడా. ఎన్‌డీఎస్–ఓఎం (ప్రభుత్వ బాండ్ల ట్రేడింగ్ వ్యవస్థ) తెర మీద మామూలు లాట్ 5 కోట్లు, దాని మీద 35,000. ఇప్పుడు 25 కోట్ల బాండ్ కొన్నారు, బేసిస్ పాయింటుకి 1.75 లక్షల రిస్క్. దాన్ని అయిదేళ్ల ఓఐఎస్ స్వాప్‌తో (ఒకరు ఫిక్స్‌డ్ రేటు, మరొకరు ఒక రాత్రి అప్పు రేటు చెల్లించుకునే ఒప్పందంతో) కాచుకుందామనుకున్నారు. స్వాప్ డ్యూరేషన్ 4.2 అయితే కోటికి 4,200, కాబట్టి సుమారు 42 కోట్ల స్వాప్‌లో ఫిక్స్‌డ్ రేటు చెల్లించే వైపు నిలబడాలి. కాగితం మీద రిస్క్ సున్నా. సాయంత్రానికి పదేళ్ల ఈల్డ్ 5 పాయింట్లు పెరిగింది, అయిదేళ్ల స్వాప్ 2 పాయింట్లే పెరిగింది. బాండ్‌లో 8.75 లక్షలు నష్టం, స్వాప్‌లో 3.5 లక్షలు లాభం, నికరంగా 5.25 లక్షలు పోయాయి. కాచుకున్నది రేట్ల మట్టం మారడాన్ని మాత్రమే. కర్వ్ ఒంపు (వేర్వేరు గడువుల రేట్ల మధ్య తేడా), బాండ్‌కీ స్వాప్‌కీ మధ్య తేడా బుక్‌లో అలాగే ఉన్నాయి. ఈ రెండిటినీ విడదీసి చూడగలిగితే వడ్డీరేట్ల పనిలో సగం వచ్చినట్టే.

మేం పెట్టే షరతు ఏమిటంటే, ఈ లెక్క మీరు కట్టాలి, కట్టినదాని గురించి ట్రేడర్‌తో నేరుగా మాట్లాడగలగాలి. చాలా సెంటర్లలో అనలిటిక్స్ అంటే ఎవరో అడిగిన రిపోర్టును ఎవరికో పంపడం. మధ్యలో రెండు అంచెల మేనేజర్లు ఉంటారు, ట్రేడర్ గొంతు కూడా వినపడదు. లండన్‌లో ఉదయం 8 అంటే వేసవిలో మనకి మధ్యాహ్నం 12:30, చలికాలంలో 1:30. మీ షిఫ్టు వాళ్ల మార్కెట్‌తో మొదలై వాళ్లతో ముగిస్తే సరే. వాళ్లు వచ్చేలోపు మీరు ఇంటికి వెళ్లిపోయే షిఫ్టయితే అది డెస్క్ కాదు, వాళ్ల రాత్రిపూట నడిచే రిపోర్టుల గది.

మొదటి ఆఫర్ మీద చిన్నచూపు లేదు. ఆర్డర్ వరుసలో మన స్థానం ఎక్కడుంది, మనకన్నా తెలిసినవాడు ఎదురైనప్పుడే మన ఆర్డర్ ఎందుకు పడుతుంది, ఎక్స్ఛేంజ్‌కి చేరే మైక్రోసెకన్లలో ఏం జరుగుతుంది, ఇవి అక్కడ వచ్చినంత బాగా ఇంకెక్కడా రావు. ఒక ఆలోచన పనిచేస్తుందో లేదో వేల ట్రేడ్ల మీద ఆ వారంలోనే తేలిపోతుంది. కోడ్ రాసేటప్పటి క్రమశిక్షణ కూడా అక్కడే అబ్బుతుంది. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే చేరింది. మిగిలిన ఒక్కదాంట్లో పాత కోడ్ మేలుకుని 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా ముంచింది. కానీ ఆ గదిలో కస్టమర్ ఉండడు, రాత్రి మిగిలే పొజిషన్ (ఇంకా మూసేయని కొనుగోళ్లు, అమ్మకాలు) తక్కువ, అప్పు తెచ్చే బాధ కనపడదు. రెండేళ్ల తర్వాత బాండ్ డెస్క్ ఇంటర్వ్యూకి వెళితే మళ్లీ అఆల నుంచి మొదలు. ఫార్వర్డ్స్ నుంచి ఆప్షన్లకి వెళ్లడం దానికన్నా తేలిక, ఫారెక్స్ ఆప్షన్లు పక్క కుర్చీలోనే ఉంటాయి కాబట్టి.

ప్రశ్న: వచ్చే వారం ఇంటర్వ్యూ. "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అన్నప్పుడు ఏం అడిగితే అది నిజమైన ట్రేడింగ్ డెస్కో, పేరుకే డెస్కో తెలుస్తుంది? – పి.ఎస్., వేలచ్చేరి, చెన్నై

జవాబు: "ఇక్కడ నేర్చుకునే అవకాశాలు ఎలా ఉంటాయి?" అని మాత్రం అడక్కండి. దానికి అందరి దగ్గరా తయారు జవాబు ఉంటుంది. కొలవగలిగేవి అడగండి.

మొట్టమొదట: "సాయంత్రం పీ అండ్ ఎల్ వివరణ ఎవరు రాస్తారు?" ఇవాళ వచ్చిన లాభనష్టం ఏ రిస్క్ వల్ల ఎంత వచ్చిందో విడగొట్టి రాసే కాగితం అది. డెస్క్‌లోని జూనియరే రాసి ట్రేడర్‌తో సరిచూస్తాడంటే మంచి సంకేతం. వేరే ఊళ్లో వేరే టీమ్ చేస్తుంది, మీకు కనపడదు అంటే, మీరు ఏ పని చేసినా దాని ఫలితం మీకు తెలియదన్నమాట.

తర్వాత: "గత మూడేళ్లలో ఇక్కడ ట్రైనీగా చేరి సొంత లిమిట్ దాకా వచ్చినవాళ్లు ఎంతమంది? వాళ్ల మొదటి లిమిట్ ఎంత?" అంకె చెబితే నమ్మండి. "చాలామంది" అంటే ఎవరూ లేరని అర్థం చేసుకోవచ్చు. మొదటి లిమిట్ చిన్నదైనా ఫర్వాలేదు, బేసిస్ పాయింటుకి పాతిక వేల రూపాయలైనా చాలు. సొంత స్టాప్‌లాస్ (నష్టం ఇంత దాటితే వదిలేయాలన్న గీత) ఉన్న రోజు నుంచి మనిషి వేరేగా ఆలోచిస్తాడు.

"డెస్క్ ఆదాయంలో కస్టమర్ల ఫ్లో (వాళ్లు తెచ్చే కొనుగోళ్లు, అమ్మకాలు) నుంచి వచ్చేదెంత, సొంత పొజిషన్ నుంచి వచ్చేదెంత?" కచ్చితమైన అంకె చెప్పకపోవచ్చు, చెప్పకూడదు కూడా. కానీ ఏది ఎక్కువో చెబుతారు. రెండూ ఉన్న చోటే కొత్తవాళ్లకి మంచిది. వట్టి ఫ్లో అయితే ధర చెప్పడం వస్తుంది, పొజిషన్ మోయడం రాదు. వట్టి సొంత పొజిషన్ అయితే ధర ఎలా పుడుతుందో తెలియదు.

ఇంకొకటి, కాస్త మొహమాటం విడిచి అడగాల్సింది: "ఈ మధ్య లిమిట్ దాటిన సందర్భం ఉందా? అప్పుడు ఏం చేశారు?" ఎప్పుడూ దాటలేదంటే లిమిట్లు అవసరానికి మించి వదులుగా ఉన్నాయి, లేదా ఎదుటివాళ్లు నిజం చెప్పడం లేదు. ఎవరికి ఎన్నింటికి ఫోన్ వెళ్లింది, పొజిషన్ ఎంత తగ్గించారు, ఎవరి అనుమతితో అన్నది వరుసగా చెప్పగలిగినవాళ్ల దగ్గర చేరండి.

ట్రేడ్ సెటిల్ కాకుండా ఆగిపోతే ఎవరు చూస్తారో కూడా అడగండి. "అది ఆపరేషన్స్ వాళ్ల గొడవ" అని కొట్టిపారేసే డెస్క్‌లో సగం చదువు తలుపు బయటే ఉండిపోతుంది. మన షేర్లు 2023 జనవరి నుంచి పూర్తిగా టీ+1లో, అంటే ట్రేడ్ జరిగిన మర్నాటి పనిదినానికే, సెటిలవుతున్నాయి. విదేశీ క్లయింట్‌కి ఆ ఒక్క రోజులో డాలర్లు మార్చి రూపాయలు సర్దడమే ఒక పని. అందులో ఏది ఎక్కడ తెగుతుందో తెలిసిన ట్రేడర్ ధర చెప్పే తీరే వేరు. చేరిన మొదటి ఆరు నెలల్లో రెండు వారాలు సెటిల్మెంట్ టీమ్‌లో, రెండు వారాలు ఫండింగ్ (డబ్బు సమకూర్చే) డెస్క్‌లో కూర్చోబెడతారా అని అడగండి. జీతం బేరం కన్నా ఈ బేరం మేలు.

ప్రశ్న: పెరుంగుడిలో ఒక విదేశీ బ్యాంకు ఆఫీసులో ప్రొడక్ట్ కంట్రోల్‌లో (ట్రేడర్ల రోజువారీ లాభనష్టాలు సరిచూసే విభాగంలో) రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఈక్విటీ ఆప్షన్ల బుక్ చూస్తాను. బీకాం, సీఏ ఇంటర్ చేశాను. ట్రేడర్లు మమ్మల్ని గుమాస్తాల్లా చూస్తారు. ఇక్కడినుంచి డెస్క్‌కి వెళ్లే దారి ఉందా? ఈ రెండేళ్లూ వృథా అయినట్టేనా? – వి.ఎల్., చెన్నై

జవాబు: వృథా కాదమ్మా. ఆప్షన్లలో ఏ డెస్క్ అయినా నేర్పే మొదటి పాఠం మీ టేబుల్ మీదే ఉంది. దాన్ని మీరు టిక్కులు పెట్టే పనిగా చేస్తున్నారా, లెక్కగా చేస్తున్నారా అన్నదే ప్రశ్న.

ఒక ఉదాహరణ కడదాం. నిఫ్టీ 25,000, వోలటిలిటీ (ధర ఏడాదికి ఎంత ఊగుతుందన్న అంచనా) 12 శాతం, నెల గడువున్న స్ట్రాడిల్‌ని (ఒకే ధరకి కొనే హక్కు, అమ్మే హక్కు కలిపి) ట్రేడర్ అమ్మాడు. దాని ధర సుమారుగా 0.8ని నిఫ్టీతో, వోలటిలిటీతో (0.12), ఏడాదిలో వంతుగా తీసుకున్న గడువు (30/365) వర్గమూలంతో గుణిస్తే వస్తుంది: 688 పాయింట్లు. ఏటా 12 శాతం అంటే రోజుకి ఎంత? ఏడాదిలో సుమారు 252 ట్రేడింగ్ రోజులు, దాని వర్గమూలం దాదాపు 16. 12ని 16తో భాగిస్తే 0.75 శాతం, అంటే రోజుకి 188 పాయింట్ల కదలికకి సరిపడా ధర పుచ్చుకున్నాడు. డెల్టా (నిఫ్టీ కదిలితే ఆప్షన్ ధర మారే పాలు) హెడ్జ్ చేసుకుని, అంటే ఎదురు ట్రేడ్‌తో కాచుకుని కూర్చుంటే, ఆ రోజు కదలిక అంతకన్నా తక్కువైతే లాభం, ఎక్కువైతే నష్టం.

ఇప్పుడు నిఫ్టీ ఒక్క రోజులో 1.5 శాతం, 375 పాయింట్లు కదిలింది. వోలటిలిటీ 12 నుంచి 14కి పెరిగింది. తీటా (ఒక రోజు గడవడం) వల్ల వచ్చింది 17 పాయింట్లు. గామా (నిఫ్టీ పెద్దగా కదలడం) వల్ల పోయింది 65. ఈ స్ట్రాడిల్ వేగా (వోలటిలిటీ మారితే ధరలో వచ్చే తేడా) వోలటిలిటీ పాయింటుకి 57 కాబట్టి అక్కడ పోయింది 114. మొత్తం నష్టం 162. సిస్టమ్ మాత్రం 180 చూపిస్తోంది. ఆ 18 పాయింట్లు ఎక్కడివి?

మీ విలువంతా ఆ 18లో ఉంది. చాలామంది "అన్‌ఎక్స్‌ప్లెయిన్డ్ (కారణం తెలియనిది), పరిమితిలోపే" అని రాసి ఇంటికి వెళ్తారు. మీరు ఈ వరుసలో వెతకండి. మొదట, ఏదైనా ట్రేడ్ రెండుసార్లు ఎక్కిందా, ఎక్కకుండా ఉండిపోయిందా. తర్వాత ధరల వేళలు: ఇండెక్స్ ముగింపు చివరి అరగంట సగటు ధరలతో కట్టింది, ఆప్షన్ల వోలటిలిటీ 3:30 ధరతో గుర్తించింది అయితే, ఆ రెండిటి మధ్య తేడా అంతా అన్‌ఎక్స్‌ప్లెయిన్డ్‌లోకి వచ్చి చేరుతుంది. చివరి పావుగంటలో మార్కెట్ ఊగిన రోజు ఇది ఇంకా పెద్దదవుతుంది. ఆ తర్వాత హెడ్జ్ ఎన్నింటికి వేశాడో, ఏ ధరకి పడిందో చూడండి. ఇంకా మిగిలితే స్క్యూ: మార్కెట్ పడ్డప్పుడు అన్ని స్ట్రైకుల (ఆప్షన్‌లో ఖాయం చేసిన ధరల) వోలటిలిటీ ఒకేలా పెరగదు, కింది స్ట్రైకులది ఎక్కువ పెరుగుతుంది. డెల్టా కూడా ఆ వోలటిలిటీతో పాటే మారిపోతుంది. ఒక షేరు బుక్ అయితే డివిడెండ్ అంచనా మారిందేమో చూడాలి. నెల రోజులు ఇలా వెతికితే బుక్ స్వభావం ట్రేడర్‌కి దీటుగా తెలిసిపోతుంది.

దాన్ని కంటికి కనపడేలా చేయండి. రోజూ సాయంత్రం రేపటికి ఒక్క లైను రాసి మీ దగ్గర ఉంచుకోండి: నిఫ్టీ 1 శాతం పడి వోలటిలిటీ 1 పాయింటు పెరిగితే బుక్‌కి ఇంత. మర్నాడు పక్కనే అసలు అంకె. మూడు, నాలుగు నెలలు పోయాక, ట్రేడర్ అడగకముందే ఒక రోజు ఆ అంకె పంపండి. గుమాస్తా అన్న మాట ఆ తర్వాత వినపడదు. ఆ ఫైలు చూపించి ట్రేడింగ్ అసిస్టెంట్ లేదా డెస్క్ రిస్క్ పోస్టుకి అంతర్గత బదిలీ అడగండి. బ్యాంకు డేటా మాత్రం ఇంటికి పంపుకోకండి, ఒక్క ఎక్సెల్ షీటు కూడా. ఉద్యోగం పోయేది అక్కడే.

ఇంకో మాట. లిమిట్ ఉన్న కుర్చీలు చెన్నై సెంటర్లలో తక్కువ. ముంబైకో సింగపూర్‌కో కదలాల్సి రావచ్చు, ఇంట్లో ముందే మాట్లాడి పెట్టుకోండి. డెస్క్‌కి మారాక సెటిల్మెంట్ సిస్టమ్‌లో మీ పాత యాక్సెస్ తీసేస్తారు. దానికి నొచ్చుకోవద్దు. 1995లో బేరింగ్స్ బ్యాంకు మునిగింది సింగపూర్‌లో ట్రేడింగూ, దాని సెటిల్మెంటూ ఒకే మనిషి చేతిలో పెట్టినందుకే. నష్టం 82.7 కోట్ల పౌండ్లు.

ప్రశ్న: మాది నెల్లూరు. మా అబ్బాయి బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ఉంటున్నాడు. ఒక సంస్థ 2 లక్షలు డిపాజిట్ కడితే వాళ్ల ఆఫీసులో "ట్రేడింగ్ డెస్క్" ఇస్తుందట, వాళ్ల డబ్బుతో ట్రేడ్ చేసి లాభంలో 70 శాతం తీసుకోవచ్చట. అన్నీ నేర్పిస్తారంటున్నాడు. ఇది ఉద్యోగమేనా అండీ? – ఒక తండ్రి

జవాబు: కాదండీ. ఉద్యోగమిచ్చేవాళ్లు డబ్బిస్తారు, అడగరు. వాడు నష్టపోయిన మొదటి రూపాయి నుంచి ఆ 2 లక్షల్లోంచే కోసుకుంటారు. డిపాజిట్ అయిపోగానే కుర్చీ ఇంకొకరికి. "వాళ్ల డబ్బు" నిజంగా మార్కెట్ దాకా వెళ్లేది అరుదు.

మూడు కాగితాలు అడగమనండి: జీతం, పీఎఫ్ రాసి ఉన్న నియామక పత్రం, సెబీ (మార్కెట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు, ట్రేడ్లు ఎవరి పేరుమీద, ఏ బ్రోకర్ క్లయింట్ కోడ్‌లో పడతాయో రాతపూర్వకంగా. నంబరును సెబీ వెబ్‌సైట్లోని మధ్యవర్తుల జాబితాలో సరిచూసుకోవాలి. తాము బ్రోకర్ తరఫు ఆథరైజ్డ్ పర్సన్ (అధీకృత ప్రతినిధి) అని చెబితే ఎక్స్ఛేంజ్ జాబితాలో పేరుండాలి. వాడి ట్రేడుకి ఎక్స్ఛేంజ్ నుంచి ఎస్ఎంఎస్, బ్రోకర్ నుంచి కాంట్రాక్ట్ నోట్ రాకపోతే అది డబ్బా ట్రేడింగ్ (ఎక్స్ఛేంజ్‌కి పోకుండా బయటే రాసుకునే పందెం) అయి ఉండొచ్చు. చట్టవిరుద్ధం, పోయిన డబ్బుకి ఎక్స్ఛేంజ్‌లో ఫిర్యాదు చేసే వీలు కూడా ఉండదు.

అబ్బాయికి ఒక అంకె చూపించండి. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్లలో) ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. నేర్చుకోవాలన్న కోరిక నిజమైతే రిజిస్టర్డ్ బ్రోకర్ దగ్గర డీలర్ ఉద్యోగం చూసుకోమనండి. జీతం తక్కువే, కానీ రోజూ వందల ఆర్డర్లు వేసి, మార్జిన్ (ట్రేడుకి పూచీగా కట్టే డబ్బు) షార్టేజీలు సర్ది, క్లయింట్ల తిట్లు తినడం కూడా చదువే.

ప్రశ్న: కమోడిటీ డెస్క్ మొదటి ఉద్యోగానికి సంకుచితం అంటారు. నిజమేనా? – ఎం.ఎన్., కోరమంగళ

జవాబు: ఏ కమోడిటీ డెస్క్ అన్నదాన్ని బట్టి. సరుకు నిజంగా కొని, గోడౌన్లో పెట్టి, లారీ ఎక్కించే కంపెనీ హెడ్జింగ్ డెస్క్ అయితే సంకుచితం అన్నవాళ్లు దాన్ని దగ్గరగా చూసుండరు. పసుపు ఫ్యూచర్స్‌కి (ముందు తేదీకి కొనే, అమ్మే ఒప్పందాలకి) నిజామాబాద్ డెలివరీ కేంద్రం. అక్కడి ధరకీ తెర మీది ధరకీ తేడా ఎందుకొచ్చిందో చెప్పాలంటే తేమ, నాణ్యత, గోడౌన్ అద్దె, వడ్డీ, లారీ కిరాయి అన్నీ తెలియాలి. బేసిస్ (ఆ రెండు ధరల తేడా) అన్న భావన ఇంత గట్టిగా మరెక్కడా పట్టుబడదు.

డెలివరీని పట్టించుకోకుండా అంకెలతోనే ఆడే డెస్క్ అయితే 2020 ఏప్రిల్ 20 గుర్తుంచుకోండి. అమెరికాలో కుషింగ్ ట్యాంకుల్లో చమురు పెట్టడానికి చోటు కరువై, మే కాంట్రాక్టు బ్యారెల్ మైనస్ 37.63 డాలర్లకి ముగిసింది. మన ఎంసీఎక్స్ (సరుకుల ఎక్స్ఛేంజ్) కాంట్రాక్టు కూడా ఆ ధరకే ముడిపడి ఉండటంతో మైనస్ 2,884 రూపాయలకి సెటిలైంది. సున్నా కన్నా కిందికి పోదన్న ధీమాతో కొన్నవాళ్లు పెట్టిన డబ్బు పోగా ఇంకా ఎదురు కట్టారు.

మరో చిక్కు ఉంది: ప్రభుత్వం సరుకు ట్రేడింగ్‌నే ఆపేయవచ్చు. 2021 డిసెంబరులో శనగ, గోధుమ, ఆవాలు, సోయా సహా ఏడు సరుకుల ఫ్యూచర్స్‌ని సెబీ నిలిపేసింది. ఒక్క పంట మీదే ఆధారపడ్డ డెస్క్ వద్దు. లోహాలు, ఇంధనం, వ్యవసాయం మూడిట్లో కనీసం రెండున్న చోటు చూసుకోండి.

ప్రశ్న: చేరకముందే ఏ పరీక్షలు రాయాలి? పైథాన్ ఎంత రావాలి? – ముగ్గురు పాఠకులు

జవాబు: బ్రోకర్ దగ్గర ఈక్విటీ డెరివేటివ్స్ (షేర్లు, సూచీల ఫ్యూచర్స్, ఆప్షన్లు) డీలర్ కావాలంటే ఎన్ఐఎస్ఎం (సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ) సిరీస్–8 పరీక్ష పాసై ఉండాల్సిందే. 100 ప్రశ్నలు, 2 గంటలు, 60 మార్కులు తెచ్చుకోవాలి, తప్పుకి పావు మార్కు కోత, మూడేళ్లు చెల్లుతుంది. పదిహేను రోజుల చదువు చాలు. సీఎఫ్ఏ (పెట్టుబడుల విశ్లేషణ కోర్సు) మూడు లెవల్స్, ఎఫ్ఆర్ఎం (రిస్క్ నిర్వహణ కోర్సు) రెండు భాగాలు. వీటిలో దేనిదైనా మొదటి మెట్టు పాసై ఉంటే దరఖాస్తు పైకి కదులుతుంది, అంతే. డెస్క్‌లో చేరాక చదివితేనే వంటబడతాయి.

పైథాన్‌లో ఒక బాండ్ ధర కట్టడం, రోజువారీ ధరల ఫైలు తెరిచి తప్పు రోజులు పట్టుకోవడం, ఆప్షన్ గ్రీకులు (డెల్టా, గామా, తీటా, వేగా) లెక్కించి పై స్ట్రాడిల్ ఉదాహరణ అంకెలు రాబట్టడం, ఇంత వస్తే మొదలుపెట్టొచ్చు. ఎక్సెల్‌ని మాత్రం తక్కువగా చూడకండి. ట్రేడర్ పక్కన నిలబడి "5 పాయింట్లు కదిలితే ఎంత?" అని అడిగినప్పుడు జవాబు చెప్పేది అదే.

ప్రశ్న: ఆఫర్ లెటర్లో రెండేళ్ల సర్వీసు బాండ్ (అంతకాలం మానేయనన్న హామీ), మానేశాక ఏడాది పాటు పోటీ కంపెనీలో చేరకూడదన్న నిబంధన ఉన్నాయి. సంతకం పెట్టవచ్చా? – కె.జె., బెల్లందూరు

జవాబు: రెండూ వేర్వేరు. మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం మన కోర్టుల్లో సాధారణంగా నిలవదు. నోటీసు కాలంలో జీతమిస్తూ ఇంట్లో కూర్చోబెట్టడం మాత్రం వేరు, అది ఎన్ని నెలలో, ఆ నెలల్లో పూర్తి జీతం ఇస్తారో లేదో లెటర్లోనే ఉండాలి. రహస్య సమాచారం, కోడ్ బయటికి తీసుకెళ్లకూడదన్న షరతు పూర్తిగా చెల్లుతుంది.

సర్వీసు బాండ్‌ని తేలిగ్గా తీసుకోకండి. కనీసం మూడేళ్లు పనిచేయాలి, ముందే మానేస్తే 2 లక్షలు కట్టాలి అన్న షరతును విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. కాబట్టి మొత్తం ఎంతో, నెలనెలా తగ్గుతుందో లేదో, డెస్క్ మూసేసినా లేదా మిమ్మల్ని ట్రేడింగ్ కాని పనికి మార్చినా కట్టాలో లేదో చూసుకోండి. ఈ చివరి సందర్భంలో బాండ్ రద్దవుతుందని ఒక వాక్యం చేర్చమని హెచ్ఆర్‌ని ఈమెయిల్లోనే అడగండి, ఫోన్లో కాదు.